సున్నుండకు దాహం

పోయిన వారం జయలక్ష్మిని మనం రబీంద్ర సదన్ దగ్గర ఫుట్‌పాత్ మీద వదిలేశాం. చంకలో కన్నాలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో పాత దుప్పటి ముక్క, ఆ ముక్కలో సున్నుండ. డబ్బాలో ఉన్నది పామని తెలియగానే కారు డ్రైవరు బండి పక్కకు తీసి, "నామున్ దీదీ, నామున్" అంటూ దింపేసి పోయాడు. అంతకుముందే భవానీపూర్‌లో రెండు పశువుల క్లినిక్కులవాళ్ళు, కుక్కల్నీ పిల్లుల్నీ తప్ప చూడమని గుమ్మంలోంచే పంపేశారు. మనుషులకు పాము కనబడితే రెండే తెలుసు, కర్ర తియ్యడం, లేదంటే దణ్ణం పెట్టడం. దానికేం జబ్బు చేసిందమ్మా అని అడిగినవాడు ఆ పూట ఒక్కడూ లేడు.

సున్నుండ జయలక్ష్మిది కాదు, తమ్ముడు రాజాది. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ. విషం లేదు, కోపమూ లేదు. భయమేస్తే తల మధ్యలో దాచుకుని గుండ్రంగా ఉండ చుట్టుకుంటుంది. ఆ ఆకారమూ ఆ గోధుమరంగూ చూసి రాజా దానికా పేరు పెట్టాడు. కిందటి దసరా ముందు తండ్రి కూర్మయ్య, "ఇంట్లో ఆ పామైనా ఉండాల, నానైనా ఉండాల" అని పట్టుబట్టాడు. చివరికి పామూ ఉంది, కూర్మయ్యా ఉన్నాడు, రాజాయే వెళ్ళిపోయాడు. పారాదీప్ రేవులో క్రేన్ మీద పని దొరికింది గానీ, అక్కడి లాడ్జిలో పాముని ఉంచుకోనివ్వరు. అందుకే అక్క చేతిలో పెట్టి, "నేను తిరిగొచ్చేలోగా దీనికేమైనా అయిందంటే నాన్నే చేశాడనుకుంటానప్పా. ఇక ఆ ఇంటి గడప తొక్కను" అన్నాడు. ఇప్పుడు అతనికి సొంత గది దొరికింది. రేపు ఆదివారం పాముని తీసుకెళ్ళడానికి వస్తున్నాడు.

పాము చూడబోతే ఇలా ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

జయలక్ష్మి శాలువా తీసి డబ్బాకు చుట్టబెట్టి, ఈసారి పసుపు టాక్సీని ఆపింది. పాముల్ని కూడా చూసే డాక్టరమ్మ ఒకావిడ అక్కడుందని ఫోనులో వెతికి పట్టుకుంది, కస్బా అంది. నడిపే పెద్దాయన అద్దంలోంచి చూస్తూ, అంత భద్రంగా పట్టుకున్నారు, అందులో ఏముంది బేటీ అని హిందీలో అడిగాడు.

"సున్నుండ."

"అదేమిటి?"

"మా దేశపు మిఠాయి."

"బాగా ఖరీదా?"

"చాలా" అంది. అబద్ధం ఒక్కటీ ఆడలేదు కాబట్టి ఆమె మనసేమీ పీకలేదు.

డాక్టర్ కుండు గది కస్బాలో ఒక మందుల షాపు మీద ఉంది. మెట్లెక్కి వెళ్ళేసరికి ఆవిడ టీ తాగుతోంది. యాభై దాటిన మనిషి, స్వెటరు చేతులు మోచేతుల దాకా మడిచింది. డబ్బా చూసి కప్పు పక్కన పెట్టి, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, అరటిగెల ఎత్తినంత మామూలుగా సున్నుండను ఎత్తుకుంది. పొద్దుట్నుంచీ మొహం చిట్లించకుండా దాన్ని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. జయలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎన్నాళ్ళనించి ఇలా ఉంది?" డాక్టరమ్మ బెంగాలీలో అడిగింది.

"కుబుసం విడిచే రోజులు కదా, అందుకే మందంగా ఉందనుకున్నాను. నిన్న చూస్తే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. ఈ పొద్దున ఒంటి మీద ఈ ముడతలు కనబడ్డాయి."

డాక్టరమ్మ పాము పక్కన చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదిలింది. లాగింది లాగినట్టే నిలబడిపోయింది. "చూశావా? ఒంట్లో నీళ్ళుంటే వదలగానే సర్దుకోవాలి." పక్కల పొడుగునా ముడతలు, వాడిపోయిన వంకాయ మీద ఉన్నట్టున్నాయి. మెత్తటి ప్లాస్టిక్ ముక్కతో నోరు కొద్దిగా తెరిచింది. లోపల తడిగా మెరవాల్సిన చోట ఉమ్ము జిగురులా తీగలు సాగింది. తరవాత లైటు పట్టి కన్ను చూపించింది. పాత కుబుసం పొర కంటి మీదే అతుక్కుపోయి, నడుమ సొట్ట పడి ఉంది.

"ఇది జబ్బు కాదమ్మా, దాహం. నీళ్ళు పెడుతున్నావా లేదా?"

చిన్న ప్రశ్నే. కానీ పొద్దుట్నుంచీ అణిచిపెట్టుకున్న చిరాకంతా దాని మీదే తెగింది.

"పెట్టకుండా ఉంటానా? రోజూ ఆఫీసుకెళ్ళే ముందు గిన్నె నిండా పోస్తాను. రాత్రికి వచ్చి చూస్తే ఖాళీ. బాగా తాగుతోంది కదా అని సంతోషపడ్డాను కూడా! ఇంకేం చెయ్యాలి నేను? న్యూ టౌన్ నుంచి గంటకోసారి వచ్చి గొంతులో పొయ్యాలా?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. "గిన్నె ఖాళీ అయితే పామే తాగిందని ఎవరు చెప్పారు? రోజూ అంత గిన్నెడు తాగే పాముకి ఈ ఒళ్ళుంటుందా?"

జయలక్ష్మికి రాత్రులు గుర్తొచ్చాయి. రాత్రి ఇంటికి చేరేసరికి కాళ్ళు లాగేసేవి. ఖాళీ గిన్నె చూసి, పొద్దున్నే పోస్తాగా అనుకుని లైటు తీసేసేది. ఆ ఒక్క గిన్నె అప్పుడే నింపి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు తెలిసొచ్చింది.

"నువ్వు ఇంట్లో ఉన్న రోజున తాగడం చూశావా?"

"ఆదివారాలు చూస్తాను. గిన్నెలో తలపెట్టి తాగుతూనే ఉంటుంది. ఒక్కోసారి అందులోనే పడుకుంటుంది."

"మరి మిగతా ఆరు రోజులు ఇంట్లో ఎవరుంటారు?"

ఇంట్లో ఉండేది ఇద్దరే, అమ్మా నాన్నా.

డాక్టరమ్మ పాము చర్మం కింద సూదితో సెలైన్ ఎక్కించింది. ఆ చోట చిన్న బుడిపె లేచి మెల్లగా అణిగింది. ఎక్కిస్తూనే చెప్పాల్సినవన్నీ చెప్పింది. గోరువెచ్చని నీళ్ళు, అదీ మణికట్టు మీద పోసుకుంటే వేడీ చలీ తెలియనంత. లోతు తక్కువ, తల హాయిగా పైన పెట్టుకోగలగాలి. పక్కనే కూచుని అరగంట ఉంచాలి, ఒంటరిగా వదలకూడదు. పడుకునే గూట్లో తడిపి పిండిన నాచు పెట్టాలి. ఎలక పెట్టద్దు, ఒంట్లో నీళ్ళు లేనిదానికి తిండి అరగదు.

"కుబుసం చేత్తో లాగకు. కంటి పొర జోలికి అసలే పోకు, కన్నే ఊడొస్తుంది. నేను ఎక్కించింది కొంతసేపే కాస్తుంది. ఇవాళ రాత్రిలోపు అది తనంతట తాను నీళ్ళు తాగాలి. తాగిందా, గట్టెక్కినట్టే. తాగలేదా, పొద్దున్నే తీసుకురా. అప్పుడు మాత్రం నేను మాటివ్వలేను." డబ్బా మూత పెడుతూ ఆవిడ ఆగింది. "దీన్ని ఎవరో ఎండబెడుతున్నారమ్మాయ్. ముందు ఆ మనిషిని పట్టుకో."

ఆ మనిషి ఎవరో జయలక్ష్మికి ఇంటికెళ్ళే దారిలోనే ఖాయమైపోయింది. అమ్మే. ఇంకెవరు? నాగులచవితికి ఖిదిర్‌పూర్ గుడిలో నాగమ్మ రాతి మీద చెంబుడు పాలు పోసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చిన మనిషి. నీళ్ళు పారబోసి పాలు పోస్తూ ఉంటుంది, రాత్రికి నేను రాకముందే గిన్నె కడిగేస్తూ ఉంటుంది అనుకుంది. అనుకున్నకొద్దీ ఒళ్ళు మండింది. భవానీపూర్‌లో దిగి, సందులో ఎదురైన పక్కింటి మాషీమా పలకరిస్తే పలక్కుండా లోపలికొచ్చింది.

ముందుగదిలో కూర్మయ్య మంచం మీద గోడ వైపు తిరిగి కూచున్నాడు. మంకీ క్యాపు, రెండు స్వెటర్లు, ఒంటి నిండా ఆవనూనె వాసన. రేవులో సరుకులెత్తే విన్చి నడిపి రిటైరైన మనిషికి ఇప్పుడు పని ఒకటే, చలిని తిట్టుకోవడం. పాము ఇంట్లోకొచ్చిన నాటి నుంచీ ఆయన దాని గది వైపు చూడడు. చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. జయలక్ష్మి ఆయన్ని దాటుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, నిజం చెప్పు. సున్నుండకి పాలు పోస్తున్నావా?"

అమ్మన్నమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏటి?"

"నీళ్ళు తీసేసి పాలు పోస్తున్నావా అని అడుగుతున్నా! పాము పాలు తాగదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? అది దాహంతో చచ్చిపోతోంది. రేపు వాడొచ్చి అడిగితే ఏం చెప్పను? అమ్మ పుణ్యం కట్టుకుందని చెప్పనా?"

"ఓలమ్మ! నెమ్మదిగా మాటాడవే, ఈదంతా ఇంటన్నారు."

"విననీ!"

అమ్మన్నమ్మ స్టవ్ ఆపేసింది. గరిటె కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే ఎంత నొచ్చుకుందో తెలిసింది.

"నానేటి అంత తెలివితక్కువదాన్నేటే? పాము పాలు తాగదని రాజాగాడు నాకెప్పుడో సెప్పినాడు. గుళ్ళో రాయి మీద పోసినాను, అది దేవుడికి. ఇంట్లో ఉన్నాది దేవుడు కాదు, నా కొడుకు పెంచుకున్న పిల్ల. దేవుడికి పెట్టేది పిల్లకెవులు పెడతారే? ఆ గది తలుపు తీడానికే నాకు బయ్యం. గిన్నె నానెక్కడ ముడతాను?"

"మరి గిన్నె ఎవరు ఖాళీ చేస్తున్నారు? దానికి రెక్కలొచ్చాయా?"

"నన్నడుగుతావేటి? మద్దేన్నం నాను కుట్టుపనికి పోతాను. నాకేటి తెల్దు."

"నీకేమీ తెలీదు, నాకేమీ తెలీదు. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. మంచి ఇల్లు!" అని అరిచి జయలక్ష్మి పాము గదిలోకి వెళ్ళింది. తల్లి మాట అబద్ధం కాదని ఆమెకు అప్పటికే అర్థమైంది. అందుకే ఇంకా గట్టిగా అరిచింది. తప్పు చేసింది అమ్మ కాదంటే ఇందాకటి మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి, అందుకామెకు ఓపిక లేదు.

ఆఫీసు రోజుల్లో చీకటి పడ్డాకే ఇల్లు చేరే జయలక్ష్మి, ఇవాళ సాయంత్రం వెలుతురుండగా వచ్చింది. గాజుపెట్టె పక్కన స్టూలు ఉంది. ఆ స్టూలు ముందుగదిలో ఉండాల్సింది. స్టూలు పక్కన పోయినేడు నాన్న కోసం కొన్న రూమ్ హీటరు, మొహం గాజుపెట్టె వైపే తిప్పి ఉంది. చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది. పెట్టె లోపల మూలన, పాము పడుకునే చోట, మడతపెట్టిన బూడిదరంగు ఉన్ని మఫ్లరు. పొద్దున పాముని ఎత్తుకుపోయినప్పుడు ఇవేవీ ఇక్కడ లేవు, అది తిరిగొచ్చేసరికి పెట్టె వెచ్చగా ఉండాలని ఎవరో సిద్ధం చేశారు. మఫ్లరు తీసి వాసన చూసింది.

ఆవనూనె.

ఆమె అలా నిలబడి ఉండగానే వెనక గుమ్మంలో దగ్గు వినబడింది.

"మీ అమ్మనేటీ అనకు" అన్నాడు కూర్మయ్య. "నీళ్ళు తీసినోణ్ణి నాను."

ఆయన లోపలికి రాకుండా, గుమ్మం చెక్క పట్టుకుని చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఊరికే తొంగి చూశాడు. ఒక్కతే కూచుని ఉంది పాపమనిపించింది. మర్నాడు స్టూలు తెచ్చుకున్నాడు. పుష్యమాసం చలికి తనకే ఎముకలు కొరుకుతుంటే, ఒంటి మీద వెంట్రుక కూడా లేని జీవికి ఎలా ఉంటుందనిపించి హీటరు పెట్టాడు. వారం తిరిగేసరికి అది నీళ్ళ గిన్నెలో దిగి కూచోవడం మొదలుపెట్టింది.

"రోజంతా నీల్లలోనే! బతిమాలినాను, ఇనదు. సలికాలం నీల్లలో కూకుంటే ఎవులికైనా ఠాండా కొట్టదేటి? రేవులో నా పక్కన పన్చేసినోల్లు ఎంతమంది ఆ హుగ్లీ గాలికి రొమ్ము పట్టి పోనారో నాకు తెల్దా? అందుకే నువ్వెల్లగానే, మీ అమ్మ వంటింట్లో ఉండగా, గిన్నె ఒంపేసీవోణ్ణి. నువ్వొచ్చేలోగా హీటరూ స్టూలూ తీసేసీవోణ్ణి. గాజు మీద సెమ్మ కూడా తుడిసీవోణ్ణి. ఆదివారం నువ్వుంటావు గదా, అప్పుడు కుదరదు."

"నాన్నా..." జయలక్ష్మి తల పట్టుకుంది. "హీటరు వేడికి దాని ఒళ్ళు ఎండిపోయింది. దాహమేసి నీళ్ళలో కూచుంది. దాహమేసి!"

కూర్మయ్య గుమ్మం చెక్క వదిలేసి హీటరు వైపు చూశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ కొండనాలుక బాగానే ఉంది, ఈయన మందు తప్ప దానికే రోగమూ లేదు. ఈ ఊళ్ళో సగంమంది చలికి భయపడే బతుకుతారు. మంకీ క్యాపులు, మఫ్లర్లు, ఠాండా లేగే జాబే, చలి పట్టేస్తుంది, అనే కేకలు. నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి ఆ భయం ఈయనకూ అంటింది. ప్రేమొచ్చినప్పుడు మనుషులకు చేసేదే పాముకీ చేశాడు.

"మరి ఒక్కమాట నాతో చెప్పచ్చు కదా? అడగచ్చు కదా?"

"ఎలా సెప్పేది? దాని మొకం సూడనని అందరి ముందూ ఒట్టేసినాను గదా" అన్నాడు. ఆ జవాబుకి జయలక్ష్మికి గోడకి తల కొట్టుకోవాలనిపించింది. ఈ ఇంట్లో మగవాళ్ళిద్దరూ మాట పట్టింపుతో బతుకుతారు. మధ్యలో ఎండిపోయేది నోరులేనిదే.

అమ్మన్నమ్మ పిండి కలిపే పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి నేల మీద పెట్టింది. నీళ్ళు కాచి, చన్నీళ్ళు కలిపి, కూతురి మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసింది. భయం భయమని ఇందాక అన్న మనిషే అక్కడే బాసింపట్టు వేసుకుని కూచుంది. జయలక్ష్మి "ఇందాక అన్నదానికి..." అని మొదలుపెడితే, "ముందు దాన్ని దింపవే" అంది.

సున్నుండను పళ్ళెంలోకి దింపారు. నీళ్ళు దాని వీపు సగానికి వచ్చాయి. ముడతల మీదుగా నీళ్ళు పారినా కదల్లేదు. తల మాత్రం పళ్ళెం అంచు మీద ఆన్చింది. చాలాసేపు చూశారు. నాలుక కూడా బయట పెట్టలేదు.

"తాగదేటి?" కూర్మయ్య గుమ్మంలోంచే అడిగాడు.

"తాగాలి. రాత్రిలోపు తాగకపోతే కష్టమంది డాక్టరమ్మ."

అప్పుడే జయలక్ష్మి ఫోను మోగింది. మంచం మీద ఉంది ఫోను. తెర మీద రాజా మొహం, వీడియో కాలు. ఆమె చేతులు రెండూ నీళ్ళలో, పాము పొట్ట కింద ఉన్నాయి.

"ఎత్తకమ్మా" అంది తల్లితో. "మోగనీ. మనం ఏదో ఒకటి చెబుదాం. కుబుసం సరిగ్గా ఊడలేదని చెబుదాం. నాన్న సంగతి వాడికి తెలియనక్కర్లేదు. తెలిస్తే వాడిక..."

ఆమె మాట పూర్తికాకముందే కూర్మయ్య గది లోపలికొచ్చాడు. కొడుకు వెళ్ళిపోయాక ఆయన గడప దాటి అందరి ముందూ ఆ గదిలోకి రావడం అదే మొదలు. ఫోను ఎత్తి, ఎటు పట్టుకోవాలో తెలియక మొహానికి మరీ దగ్గరగా పట్టుకున్నాడు.

"నాన్నా వద్దు!" అంది జయలక్ష్మి. చెయ్యి తీద్దామంటే పాము తల నీళ్ళలోకి జారేలా ఉంది. తియ్యలేకపోయింది.

"అప్పా, సున్నుండ ఏ..." అంటూ మొదలైన రాజా గొంతు ఆగిపోయింది. తెర నిండా మంకీ క్యాపూ, అందులో రెండు కళ్ళూ కనబడి ఉంటాయి.

"నాన్రా" అన్నాడు కూర్మయ్య. "నీ పాము బాగులేదు. మీ అప్ప తప్పేటీ నేదు. నీల్లు నానే తీసేసినాను. సలికి సచ్చిపోద్దేమోనని తీసినాను గాని... తీసినోణ్ణి మాత్రం నానే."

అవతలి నుంచి ఏదో రొద మాత్రం వినిపిస్తోంది. ఆ రొద మధ్యలోంచి ఒక ఆడగొంతు బెంగాలీలో, తరవాత హిందీలో, ఏదో రైలు ఏదో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పింది. జయలక్ష్మికి అర్థమైంది. రేపు రావాల్సినవాడు ఇవాళే హౌరాలో దిగాడు. అందరూ సంతోషిస్తారని ముందుగా చెప్పకుండా వచ్చి ఉంటాడు.

ఫోను ఆగిపోయింది. సిగ్నలు పోయిందో, రాజాయే కట్ చేశాడో తెలియలేదు. హౌరా నుంచి భవానీపూర్‌కి ఎంత రద్దీ ఉన్నా గంటకు మించి పట్టదు.

కూర్మయ్య ఫోను మంచం మీద పెట్టి, మంకీ క్యాపు తీసేశాడు. పళ్ళెం పక్కన నేల మీద కూచుని, మోకాళ్ళు పట్టేసినా వంగి, సున్నుండ మొహంలోకి చూశాడు.

"తాగమ్మా. ఆడొచ్చేస్తన్నాడు. ఒక్క గుక్క తాగమ్మా" అన్నాడు.